సందు వదిలిన తీగ

నమోదు 1

ఇది నా భార్య నీలవేణి వేసిన శిక్ష. రోజూ భోజనం దగ్గర నా భయాలు విని విని విసిగిపోయి, "అవన్నీ పలక మీద రాసుకోండి మాస్టారూ, పలకకి విసుగు రాదు" అంది. సరే, రాసుకుంటున్నాను. నా పేరు పట్టాభి. ఎర్రదిబ్బ బడిలో పదో తరగతికి భౌతికశాస్త్రం చెబుతాను. పిరికివాణ్ణి. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు కాబట్టి ఇక్కడ దాచుకునేదేమీ లేదు.

పొద్దున్నే లేచి వాకిట్లో ఎర్రదుమ్ము ఊడ్చాను. మా వంతు నీళ్ళు పట్టాను. మూడో తరగతి చదివే మా మైనాకి జడ వేశాను. దాని చేతి రాగి కడియానికి సందు ఉందో లేదో గోరు పెట్టి చూశాను. రోజూ చూస్తాను. ఎర్రదిబ్బలో కడియమైనా, ఉంగరమైనా, బట్టలారేసే తీగైనా, మెట్ల పక్క కమ్మీ అయినా ఒకచోట తెగ్గొట్టి సందు వదలాలి. చుట్టు కలపకూడదు. మా నాయనమ్మ చిన్నతనంలో ఒకసారి గొడుగు ఉన్నట్టుండి పడిపోయిందట. వీధంతా చుట్టి వచ్చే పెద్ద తీగ మీద బట్టలు ఆరేస్తున్న ఆడవాళ్ళ అరచేతులు కాలిపోయాయట. అప్పట్నుంచీ ఈ ఆచారం.

గొడుగంటే ఊరి చుట్టూ నేలలో పాతిన పెద్ద తీగచుట్ట. పైనుంచి పడే విషకిరణాలను దాని అయస్కాంత బలమే పక్కకు నెట్టేస్తుంది. మేం నేలమీద బతుకుతున్నామంటే దాని చలవే. నిజంగా చలవే. ఆ చుట్టను గడ్డకట్టే చలిలో ఉంచినంత కాలమే అది పనిచేస్తుంది.

ఇప్పుడు కొండ కింద గుహలు తయారయ్యాయి. నెత్తిన అంత రాతికప్పు ఉంటే గొడుగుతో పనిలేదు. అందుకని నెలాఖరుకల్లా గొడుగు బలాన్ని పూర్తిగా దింపేస్తారట. ఊరిపెద్ద రాజమన్నారు గారు దాన్ని పండగ చేస్తామని చాటింపు వేయించారు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, మనసు లేకుండానే. పుట్టినప్పట్నుంచీ నెత్తిమీద ఉన్నదాన్ని తీసేస్తామంటే నాకు చలిజ్వరం వచ్చినట్టుంది.

నమోదు 2

ఈరోజు విద్యుదయస్కాంత ప్రేరణ పాఠం. బల్ల మీద తీగచుట్ట, దానికి కలిపిన సూది మీటరు, నా చేతిలో అయస్కాంత కడ్డీ. నేను నోరు తెరిచానో లేదో, వెనక బెంచీలోంచి ఎవరో "సందు!" అని అరిచారు. క్లాసంతా చేతుల్లో ఉన్నవి జారవిడిచి, లేచి, చేతులు బార్లా చాపి బొమ్మల్లా నిలబడిపోయింది. నా చేతిలో కడ్డీ కూడా కిందపడింది.

నాయనమ్మల కాలంలో అది అసలైన హెచ్చరిక. ఆ మాట చెవినపడితే చేతిలో ఉన్న లోహం వదిలేయాలి, పక్కవాణ్ణి తాకకుండా నిలబడాలి. ఇప్పుడది పిల్లల ఆట. చివరగా వదిలినవాడు ఔటు. ఊళ్ళో ప్రతివాడూ చిన్నప్పుడు ఆడినదే కాబట్టి, నలభై దాటిన మాస్టారికి కూడా ఆ మాటకు వేళ్ళు వాటంతటవే విడిపోతాయి. అరిచింది ఎవరో చెప్పలేదు గనక వెనక బెంచీ మొత్తానికీ గోడకుర్చీ వేయించాను.

తర్వాత పాఠం మొదలుపెట్టాను. కడ్డీని చుట్టలోకి తోస్తే సూది కుడికి ఊగి మళ్ళీ సున్నాకి వచ్చింది. బయటికి లాగితే ఎడమకి ఊగింది. గబుక్కున తోస్తే ఎక్కువ, నిదానంగా తోస్తే తక్కువ. కడ్డీని లోపలే వదిలేశాను. సూది సున్నా మీదే ఉంది.

ముందు బెంచీలో ఝాన్సీ అనే పిల్ల ఉంది, దానికి అన్నీ అనుమానాలే. ఇంకా బలమైన అయస్కాంతం పెడితే కదులుతుందా సార్ అంది. కదలదన్నాను. ఎంత బలమైనదైనా కదలకుండా కూర్చుంటే అది సోమరిపోతే. చుట్టలోంచి పోయే అయస్కాంత అభివాహం మారాలి. మారుతున్నంతసేపే కరెంటు. పెరిగినా మార్పే, తగ్గినా మార్పే, ఒక్కసారిగా పోయినా మార్పే. ఎంత ఉందని అడగకూడదు, ఎంత వేగంగా మారుతోందని అడగాలి. ఈ చివరి వాక్యం అందరిచేతా ఐదుసార్లు రాయించాను.

వాళ్ళు రాస్తుండగా సూది కదిలింది.

కడ్డీ అప్పటికే బీరువాలో ఉంది. బల్ల దగ్గర ఎవరూ లేరు. సూది ఒక గీత కుడికి జరిగి, వణికి, వెనక్కి వచ్చింది. ఝాన్సీ కూడా చూసింది. ఎవరు కదిపారు సార్ అని అడిగింది. గాలికి అని అబద్ధం చెప్పాను. గాజు మూత కింద ఉన్న సూదికి గాలి ఎలా తగులుతుందో అది అడగలేదు. ఉన్న జవాబు చెప్పడానికి నాకే నోరు రాలేదు. ఆ గదిలో మారగలిగిన అయస్కాంతం ఇంకొకటే ఉంది, దాని కిందే ఊరంతా కూర్చుని ఉంది.

నమోదు 3

గొడుగు చూసుకునే ఇంజనీరు ఫిలోమినా గారి దగ్గరికి వెళ్ళాను. నెమ్మదైన మనిషి. నన్ను చూడగానే, ఈసారి దేనికి భయపడ్డారని నవ్వింది. సూది సంగతి చెప్పాను. ఆవిడ కిటికీలోంచి ఊరి మధ్య చౌక్‌లో ఉన్న పెద్ద బలమాపకం చూపించింది. ఊరంతటికీ కనబడే గుండ్రటి పలక అది, గొడుగు బలం ఎంతుందో చూపిస్తుంది. రోజుకు కొంచెం చొప్పున దింపుతున్నాం, చూడండి, అనుకున్న గీత మీదే ఉంది అంది. ఇంత నిదానంగా దింపితే నా సూదికి ఆ సంగతే తెలియదని కూడా అంది.

అదీ నిజమే. నిదానంగా దింపితే ప్రమాదం లేదు. మరి నా సూది ఎందుకు కదిలింది? బలమాపకం ఎంత ఉందో చెబుతుంది. ఉలిక్కిపడి మళ్ళీ సర్దుకున్న సంగతి చెప్పదు. నిద్రలో ఉలిక్కిపడే మనిషి బరువు తూచినట్టుంటుంది.

ఆ మాట అంటే ఆవిడ, "సూది పాతది మాస్టారూ, దానికి మీ పోలికే వచ్చుంటుంది" అంది. నేనూ నవ్వాను. బయటికొచ్చాక నేలలోని ఆ చుట్ట గురించే ఆలోచించాను. చుట్టలో ఎక్కడైనా ఒక్కచోట చలి తప్పితే చాలు, ఆ వేడి పక్కకు పాకుతుంది, కరెంటు మొత్తం చచ్చిపోతుంది. నెల రోజుల్లో దిగాల్సిన గొడుగు కన్నుమూసి తెరిచేలోపు దిగుతుంది. మా నాయనమ్మ చూసింది అదే.

నమోదు 4

ఇంట్లో కొత్త గొడవ. నీలవేణిది రాగి పని. ఊళ్ళో కడియాలు, బిందెలు, గొట్టాలు అన్నీ ఆవిడ చేతివే. ఇవాళ బడి నుంచి వచ్చేసరికి ఇంటినిండా రాగితాడు, వేలంత లావున, చుట్టలు చుట్టలుగా పడుంది. ఏమిటిదంటే పండగ సరంజామా అంది. గొడుగు దిగే రోజున చౌక్ చుట్టూ ఊరంతా నిలబడి ఈ తాడు పట్టుకుంటుందట. రాజమన్నారు గారు కొస కొస తెచ్చి కలిపితే, నీలవేణి అందరిముందూ దానికి అతుకు వేస్తుందట. ఇక ఎర్రదిబ్బలో సందులు ఉండవు, చుట్టు కలిపే పండగ అని పేరు కూడా పెట్టారు. ఇన్నేళ్ళుగా ఆవిడ చేసిన ప్రతి కడియాన్నీ, తీగనీ ఆవిడే తెగ్గొట్టుకుంది. జీవితంలో మొదటిసారి ఒక చుట్టు నిండుగా కలపబోతోంది. ఆ సంబరం మొహంలో కనబడుతోంది.

నేను కుర్చీలో కూలబడ్డాను. గొడుగు ఆ సమయంలో పడిపోతే ఏమవుతుందో చెప్పాను. చుట్టు ఎంత పెద్దదైతే దాంట్లోంచి పోయే అభివాహం అంత ఎక్కువ. అది ఒక్కసారిగా పోతే తాడులో కరెంటును నెట్టే తోపుడూ అంత ఎక్కువ. చేతి కడియంలో అయితే కాస్త వెచ్చబడుతుందేమో, అంతే. చౌక్ అంత చుట్టులో అయితే తాడు కాలే పెనమవుతుంది. దాన్ని పట్టుకుని ఊరంతా ఉంటుంది.

"గొడుగు నిదానంగా దింపుతున్నారుగా, పడిపోతుందని మీకెవరు చెప్పారు?" అంది.

సూది చెప్పిందన్నాను. ఆవిడ దుకాణంలోంచి ఒక రాగి గొట్టం తెచ్చింది. దాంట్లో అయస్కాంతపు ముక్క వేసింది. అది పడాల్సినంత వేగంగా పడకుండా తేలుతున్నట్టు మెల్లగా దిగింది. పెళ్ళయిన కొత్తలో నేనే ఆవిడకి నేర్పిన తమాషా అది. రాగిలో పుట్టిన కరెంటు, తనను పుట్టించిన మార్పుకే అడ్డం పడుతుంది. కన్నవాళ్ళకే ఎదురు తిరుగుతుందన్నమాట, రేపు మనకి పుట్టబోయే పిల్లల్లాగా అని అప్పట్లో నవ్వేది, మైనా ఇంకా పుట్టకముందే.

ఇవాళ నవ్వలేదు. రాగి కూడా మార్పుకి ఎదురు తిరుగుతుంది, మీరూ అంతే, గుహల్లోకి వెళ్ళడం ఇష్టంలేక సూది మీద పెట్టి చెబుతున్నారంది. ఆ మాట నాకు చురుక్కున తగిలింది, ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది. ఇష్టం లేని మాట నిజమే. సూది కదిలిన మాటా నిజమే.

నమోదు 5

ఇవాళ మధ్యాహ్నం సూది మళ్ళీ కదిలింది. ఈసారి నాలుగు గీతలు. కిందటిసారి ఒకటే. ఝాన్సీని పంపించి ఫిలోమినా గారిని పిలిపించాను. ఆవిడ ఊరకే మర్యాద కోసం వచ్చినట్టు వచ్చి బల్ల పక్కన కూర్చుంది. చాలాసేపు ఏమీ జరగలేదు. పిల్లలు ఇళ్ళకు వెళ్ళిపోయారు. మా మైనాకి పసితనంలో వచ్చిన దగ్గు గురించి మాట్లాడుకున్నాం. ఆవిడ లేవబోతుండగా సూది కుడికి కొట్టుకుంది, ఎడమకి కొట్టుకుంది, నిలబడింది. కిటికీలోంచి చూస్తే బలమాపకం మాత్రం అదే గీత మీద ఉంది.

ఆవిడ మళ్ళీ కూర్చుంది.

"తూర్పు పక్క చలిగొట్టం ఒకటి పాతబడింది. పండగ దాకా ఆగుతుందనుకున్నాను" అంది మెల్లగా.

ఇంకా తొందరగా దింపెయ్యొచ్చు కదా అన్నాను. అన్న మరుక్షణమే నాలుక కరుచుకున్నాను. తొందరగా దింపడమూ వేగంగా మారడమే. నేను ఐదుసార్లు రాయించిన వాక్యం అదేగా. నిదానంగానే దింపాలి, ఆ నిదానం పూర్తయ్యేదాకా చలిగొట్టం ఆగాలి. రెంటికీ మధ్య మేం ఉన్నాం.

ఇద్దరం రాజమన్నారు గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన చెడ్డవాడని రాయను. ముసలివాళ్ళు సగంమంది గుహల్లోకి రామని మొండికేస్తున్నారట. పండగ లేకపోతే వాళ్ళు వాకిళ్ళు దాటరు, గొడుగు దిగాక కూడా నేలమీదే కూర్చుంటారు, అప్పుడు కిరణాలకి చస్తారు, పండగ వాయిదా వేస్తే భయం ఊరంతా పాకుతుంది అన్నాడు. చివరికి బేరం కుదిరింది. పండగ ఉంటుంది, తాడు ఉంటుంది, కానీ చుట్టు కలపరు. ఒకచోట సందు వదులుతారు. తోపుడు ఎంత పుట్టినా దారి తెగి ఉంటే కరెంటు పారదు. తాడు చల్లగా ఉంటుంది.

ఇంటికొచ్చి చెబితే నీలవేణి అతుకు సామాను తీసి పెట్టెలో పడేసింది. గట్టిగా పడేసింది. నాకు మాత్రం కొంచెం ఊపిరాడింది.

నమోదు 6

ఊపిరి మళ్ళీ ఆగింది.

సాయంత్రం మైనా గెంతుకుంటూ వచ్చింది. నాన్నా, పండగలో నేనే సందు అంది. ఏమిటంటే, సందు ఊరికే వదిలేస్తే బోసిగా ఉంటుందని రాజమన్నారు గారికి తోచిందట. తాడు ఈ కొస మైనా పట్టుకుంటుంది, ఆ కొస దాని స్నేహితురాలు సల్మా పట్టుకుంటుంది. ఊళ్ళో చిన్నపిల్లలిద్దరు అటూ ఇటూ నిలబడితే ముచ్చటగా ఉంటుందట. వాళ్ళిద్దరికీ పట్టు గౌన్లు కూడా కుట్టిస్తున్నారట.

చొక్కా కూడా మార్చుకోకుండా ఆయన ఇంటికి పరిగెత్తాను. పిల్లలిద్దరి మధ్యా బారెడు దూరం ఉంటుంది మాస్టారూ, ఒకరినొకరు తాకరు, మీరు అడిగిన సందు అదేగా అన్నాడు. లెక్కప్రకారం ఆయన మాట సరైనదే. బారెడు గాలి దాటి దూకేంత తోపుడు ఆ తాడులో పుట్టదు. పిల్లలు ఒకరినొకరు తాకనంతవరకు ఏమీ పారదు. తాకితే మాత్రం, చుట్టు మొత్తంలో పుట్టిన తోపుడంతా ఆ రెండు చిన్న ఒళ్ళ మీదే పడుతుంది. అది చెప్పాను. తాకవద్దని చెబుదాం, తెలివైన పిల్లలు అన్నాడు. మా పిల్లని పంపనన్నాను. మీ ఇష్టం, ఇంకొకరి పిల్లని పెడతాను అన్నాడు. నేను ఇంటికి వచ్చేశాను.

నీలవేణి కూడా అదే అడిగింది, మనపిల్ల కాకపోతే ఇంకెవరి పిల్లని పెట్టమంటారు అని. తర్వాత, లెక్క బాగానే ఉందన్నారుగా, మరి ఎందుకిలా వణుకుతున్నారంది. వాళ్ళు పిల్లలు కాబట్టి అన్నాను. ఆవిడ నా చేతిమీద చెయ్యి వేసింది. ఆవిడ చెయ్యీ చల్లగానే ఉంది.

చివరికి రెండు షరతులతో ఒప్పుకున్నాను. ఒకటి, నా తీగచుట్ట, సూది, బల్ల సహా, పిల్లల పక్కనే ఉంటాయి. సూది వణికిందంటే నేను ఆపమంటాను, అందరూ ఆపాలి. రెండోది రాజమన్నారు గారు పెట్టింది. ఆ రోజు నోటివెంట "సందు" అనే మాట రాకూడదు. శుభమా అని పండగ చేసుకుంటుంటే పాత భయాలు తవ్వకూడదని ఊరంతా ఆ ఆట కూడా ఆపించాడు.

పడుకోబోయే ముందు మైనాకి చెప్పాను. ఏం జరిగినా సల్మాని ముట్టుకోకు.

"భయమేస్తేనో?" అంది.

"భయమేసినా."

అది నా మొహంలోకి చూసింది. "నీకు భయమేస్తే నువ్వు అమ్మ చెయ్యి పట్టుకుంటావుగా" అంది.

దుప్పటి కప్పాను.

నమోదు 7

ఇది గుహలోంచి రాస్తున్నాను.

మధ్యాహ్నం ఎండ నిలువుగా ఉన్న వేళ ఊరంతా చౌక్‌లో చేరింది. ముసలివాళ్ళు కూడా మూటలు కట్టుకుని వచ్చారు. ఆ విషయంలో రాజమన్నారు గారిదే గెలుపు. పండగయ్యాక అటునుంచటే గుహల్లోకి నడవాలి. చౌక్ చుట్టూ గుండ్రంగా నిలబడి అందరూ రాగితాడు పట్టుకున్నారు. నీలవేణి తాడు నునుపుగా సాగదీసింది, మధ్యాహ్నం వెలుగులో మెరుస్తోంది. ఒక కొస మైనా, ఇంకో కొస సల్మా. మధ్యలో బారెడు సందు. వాళ్ళ వెనక నా బల్ల, నా సూది. నీలవేణి నాకు అవతలి వైపు, జనంలో తాడు పట్టుకుని ఉంది. బలమాపకం ముల్లు బాగా కిందికి వచ్చింది. ఇంకా కొంచెమే మిగిలుంది, దింపడం అయిపోవస్తోంది, ఏమీ కాదని ఫిలోమినా గారు నాకు సైగ చేసింది. కొంచెం అంటే ఎంతని నేను అడగలేదు. పండగ కదా.

రాజమన్నారు గారు మాట్లాడుతున్నాడు. పెద్దవాళ్ళ త్యాగం, కొత్త జీవితం, అలాంటి మాటలు. నేను వినడం లేదు. సూదినే చూస్తున్నాను.

సూది వణికింది. వెనక్కి రాలేదు.

ఆపండి అన్నాను. జనం జేజేల్లో నాకే సరిగా వినబడలేదు. మళ్ళీ ఆపండి అన్నాను. రాజమన్నారు గారు నా వైపు చూసి, ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించాడు. అంతలో పండగకని వెలిగించిన చౌక్ దీపాలన్నీ ఒక్కసారిగా ప్రకాశంగా వెలిగి, మళ్ళీ మందగించాయి. నేల లోపలి నుంచి తూర్పు వైపు ఏదో మూలిగిన చప్పుడయింది. జేజేలు ఆగిపోయాయి. జనం భయంతో తాడుని ఇంకా గట్టిగా పట్టుకున్నారు. భయపడ్డ మనిషి చేతిలో ఉన్నదాన్ని వదలడు, బిగిస్తాడు.

మైనా సల్మా వైపు తిరిగింది. సల్మా ఏడుస్తోంది. తాడు కొస కుడిచేత్తో పట్టుకునే, రెండో చెయ్యి మైనా కోసం చాపింది. మైనా కూడా చాపింది. ఆ రెండు అరచేతుల మధ్య జానెడు దూరం కూడా లేదు. అవతలి నుంచి నీలవేణి మైనా పేరు పిలుస్తూ పరిగెత్తుకొస్తోంది.

నేను పుట్టాక అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు.

"సందు!"

ఊరంతా వదిలేసింది. ఆలోచించుకుని వదిలినవాళ్ళు ఒక్కరూ లేరు. చిన్నప్పటి ఆట వాళ్ళ వేళ్ళలో ఉంది. ఎనభై ఏళ్ళ ముసలాయన వదిలేశాడు, రాజమన్నారు గారు చేతిలో మాట్లాడే గొట్టం వదిలేశాడు, మూటలు వదిలేశారు, పసిపిల్లాణ్ణి ఎత్తుకున్న తల్లి వాణ్ణి మాత్రం గుండెకి అదుముకుని నిలబడిపోయింది. అందరూ చేతులు బార్లా చాపి, ఎవరినీ తాకకుండా, బొమ్మల్లా. నీలవేణి పరిగెడుతున్నది పరిగెడుతున్నట్టే ఆగి, కన్నబిడ్డకి రెండడుగుల దూరంలో చేతులు చాపి నిలబడింది. మైనా కొస వదిలేసింది. సల్మా వదిలేసింది. ఇద్దరూ ఒకరివైపొకరు చాపిన చేతులు వెనక్కి లాక్కుని, అటూ ఇటూ చాపి, నోళ్ళు తెరిచి ఏడుస్తూ నిలబడ్డారు.

తాడు కిందపడింది. దాని రెండు కొసలూ రాతినేల మీద దొర్లి, ఒకదాన్నొకటి తాకాయి.

కళ్ళు మూసుకుపోయేంత నీలం మెరుపు. పిడుగు పడ్డట్టు చప్పుడు. కొసలు రెండూ అతుక్కుపోయాయి. తాడు చౌక్ చుట్టూ బుసకొడుతూ, కింద పరిచిన చాపలు మాడ్చుకుంటూ పొగలు కక్కింది. నా బల్ల మీద సూది గాజుకి కొట్టుకుని అక్కడే వంగిపోయింది. బలమాపకం ముల్లు అడుగుకి జారిపోయింది. తర్వాత నిశ్శబ్దం. మాడిన చాపల కంపు.

ఎవరూ కదల్లేదు. కదలమని చెప్పే మాట ఒకటి ఆటలో ఉంటుంది, అది ఎవరికీ గుర్తురాలేదు. నాకూ రాలేదు. గొడుగు పోయింది, నెత్తిన ఆకాశం బోడిగా ఉంది, ఇంకో మెరుపు వస్తుందో రాదో తెలియదు. ఊరంతా ఎవరికి వాళ్ళు ఒంటరిగా చేతులు చాపుకుని నిలబడింది. ఫిలోమినా గారి పెదవులు మాత్రం కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటోందనుకుంటాను.

నీలవేణి కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోవడానికి కూడా చెయ్యి దించలేదు. ఆవిడ నావైపే చూస్తోంది. అక్కడున్నవాళ్ళలో సూది ఎదురుగా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

అప్పుడు మైనా గొంతు వినబడింది, సన్నగా.

"నాన్నా, ఇప్పుడు పట్టుకోవచ్చా?"

గాజు మూత తీసి సూదిని వేలితో సున్నాకి తెచ్చాను. వంగిపోయిన సూది అది, నిజం చెబుతుందో లేదో తెలియదు. బల్ల సొరుగులోంచి కడ్డీ తీసి చుట్టలోకి తోశాను. కుడికి ఊగింది. బయటికి లాగాను. ఎడమకి ఊగింది. ఇంకా పనిచేస్తోంది. కడ్డీని దూరంగా పారేసి చూశాను. సూది సున్నా మీద నిలబడింది. నిలబడే ఉంది. మారేందుకు ఇక ఏమీ మిగల్లేదు.

పట్టుకో అన్నాను. అది సల్మా చెయ్యి పట్టుకుంది. నీలవేణి మైనాని పట్టుకుంది. ఆ తర్వాత ఊరంతా ఒకరినొకరు పట్టుకుని గుహల్లోకి నడిచింది, సందు ఎక్కడా లేకుండా. నేను వెనక బల్ల మోసుకుంటూ వచ్చాను.

నమోదు 8

గుహలో పొద్దున. ఊడవడానికి ఎర్రదుమ్ము లేదు, నల్లరాతిపొడి ఉంది. నీళ్ళ వంతు పట్టాను. మైనాకి జడ వేశాను. దాని కడియం సందులో గోరు పెట్టబోయి ఆగాను. ఇక అవసరం లేదు, ఇక్కడ గొడుగు లేదు. నీలవేణి అది గమనించి, అతుకు సామాను పెట్టెలోంచి తీసింది. కలిపెయ్యనా అని అడిగింది. వద్దులే, ఉండనీ అన్నాను. ఆవిడ నన్ను ఎగతాళి చెయ్యలేదు. పెట్టె మూసేసింది.

బడికి బయలుదేరుతుంటే మైనా గుమ్మం దగ్గర నిలబడింది. ఎప్పుడూ ముందు పరిగెత్తే పిల్ల, చెయ్యి చాపి, చాపిన చెయ్యి మధ్యలోనే ఆపి, మళ్ళీ అదే అడిగింది. ఇప్పుడు పట్టుకోవచ్చా అని.

నిన్నట్నుంచీ అది ఎవరి చెయ్యి పట్టుకోవాలన్నా ముందు అడుగుతోంది. నేనే నేర్పాను. పట్టుకో తల్లీ అన్నాను, ఎప్పుడైనా పట్టుకో, అడగక్కర్లేదన్నాను. అది నా వేళ్ళు గట్టిగా పట్టుకుంది. దారి పొడుగునా వదల్లేదు, నేనూ వదల్లేదు.